దాళ్వా నీళ్ళూ, యూరియా బస్తా

దగ్గరికి జరగండర్రా, గాలి అటు తిరిగింది, పొగ ఇక మీ మీదికి రాదు. ఒరేయ్ పెద్దోడా, ఆ తాటిమట్ట కాస్త లోపలికి తొయ్యి. ఇందాక నువ్వేదో అన్నావు చూడు, మళ్ళీ అను, అందరూ వింటారు. "తాతయ్యా, మీ కాలంలో వ్యవసాయం స్వచ్ఛంగా ఉండేది, మందులూ మిషన్లూ వచ్చాకే గాలి పాడైంది" అనేగా? హైదరాబాదు నుంచి భోగికి దిగిన ప్రతివాడూ ఇదే మాట పట్టుకొస్తాడు. సగం నిజం, సగం కాదు. ఏ సగం నిజమో చెప్పడానికి నేను పనికొస్తాను. ఈ చేలల్లోనే పుట్టాను. ప్యాకేజీ ప్రోగ్రాం రోజుల్లో గ్రామసేవకుడి ఉద్యోగం చేశాను. యూరియా బస్తా ఈ ఊరి గట్టు ఎక్కినప్పుడు పక్కనే నిలబడి ఉన్నాను. ఇక లెక్కలంటావా, ఇదుగో నా మనవరాలు అమ్మలు, బాపట్లలో వ్యవసాయం చదువుతోంది, అది అందిస్తుంది.

ఆ చేను చూడండి. మొన్ననే దమ్ము చేసి దాళ్వా, అదే రబీ వరి, ఊడ్చాం. నీళ్ళు నిలిచిన కొద్దిరోజులకే మట్టిలో గాలి అయిపోతుంది. గాలి పీల్చి బతికే సూక్ష్మజీవులు వెనక్కి తగ్గుతాయి, గాలి అక్కర్లేని జాతి లేస్తుంది. దుబ్బులు, వేళ్ళు, గడ్డి, పెంట, ఏది కుళ్ళితే అది దాని తిండి. ఆ తిండి తిని అది వదిలేది మీథేన్. నెలరోజుల పైరులో దిగి మడమతో నొక్కారంటే బుడబుడమని బుడగలు లేస్తాయి, మురుగు కంపు కొడుతుంది. ఆ కంపు మీథేన్‌ది కాదు, దానికి వాసనే లేదు. తోడుగా పుట్టే గంధకపు వాయువుది. పైగా బుడగల్లో వచ్చేది కొంచెమే. వరి మొక్క లోపల గాలి గొట్టాలుంటాయి, ఆకు నుంచి వేరుకి ఆక్సిజన్ దింపుకోవడానికి. కొబ్బరిబొండాంలో స్ట్రా వేసినట్టు, ఆ దారినే కింద ఉన్న మీథేన్ పైకి ఎక్కేస్తుంది. పైరు పెరిగే రోజుల్లో నూటికి ఎనభై తొంభై పాళ్ళు పోయేది అలాగే. దీనికి యూరియా అక్కర్లేదు, డీజిలు అక్కర్లేదు. నీళ్ళు నిలిస్తే చాలు. అంటే మా తాత చేనూ వదిలింది, వాళ్ళ తాత చేనూ వదిలింది.

"అయితే ఏం మారలేదా?" అంటావు. మారింది. ఎక్కడెక్కడ మారిందో వరసగా చెప్తాను.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. దానికి ముందు 1833 కరువు ఈ తీరాన్ని తుడిచిపెట్టేసిందని మా ఇంట్లో తరం నుంచి తరానికి చెప్పుకునేవాళ్ళు. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకి గోదావరి జిల్లాల్లో తర్పణాలు వదిలేవారంటే ఊరికే కాదు. కాలువ రాకముందు వానపడితే వరి, లేకపోతే బీడు. కాలువ వచ్చాక సార్వా వరి, అంటే ఖరీఫ్ వరి, నిలబడింది. డెల్టాలో నీళ్ళు నిలిచే నేల పెరిగిన మొదటి మలుపు అదే. గాలి లెక్క మొదలుపెట్టాలంటే యూరియా దగ్గర కాదు, అక్కణ్ణించి మొదలుపెట్టాలి.

ఇక నా చిన్నతనం. అప్పట్లో వరి రకాలంటే అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, గరికసన్నాలు. మనిషెత్తు పైరు. ఈదురుగాలి కొడితే పడుకునేది. జూన్‌లో కాలువ వదిలితే ఆకుమడి, శ్రావణంలో ఊడుపులు, కార్తీకం మార్గశిరాల్లో కోతలు. కోతకి ముందే తడి మీద మినుములో పెసలో చల్లేవాళ్ళం. పనలు ఎత్తేసరికి అవి మొలిచి ఉండేవి. అవి పీకాక నేల నెర్రెలిచ్చి, కాలు దిగేంత సందులు పడేవి. ఆ ఎండలో గొర్రెల మంద కట్టించేవాళ్ళం. పెంటదిబ్బ ఏడాది మగ్గాక బండ్లతో తోలి చేలో పోగులు పెట్టేవాళ్ళం. ఎకరానికి పన్నెండు, పదిహేను బస్తాలు పండితే ఆ ఏడు ఇంట్లో పెళ్ళి పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెప్తాను. ఆ రోజుల్లో జీలుగ, జనుము ఏపుగా పెంచి, పచ్చిగా ఉండగానే దున్ని తొక్కించి నీళ్ళు కట్టేవాళ్ళం. నేలకి మంచిది, కాదనను. కానీ గాలి లెక్కలో చూస్తే ఆ కుళ్ళే పచ్చిరొట్ట మీథేన్ జీవికి విందు. ఒట్టి యూరియా వేసిన చేనుకన్నా పచ్చిరొట్ట తొక్కిన చేను రెట్టింపు దాకా, కొన్నిచోట్ల అంతకుమించి మీథేన్ వదిలిందని కొలిచినవాళ్ళే రాశారు. బాగా మగ్గిన పెంటతో ఆ గొడవ చాలా తక్కువ. అందుకే పాతదంతా మంచిది, కొత్తదంతా చెడ్డది అని పెద్ద పట్టీ రాసేసుకోకండి. పాతవాటిలోనూ మగ్గినదీ మగ్గనిదీ ఉన్నాయి.

ఇక మా ఉద్యోగాల కాలం. 1960-61లో దేశం మొత్తమ్మీద ఏడు జిల్లాలు ఏరారు, తిండిగింజలు పెంచి చూపించమని. తంజావూరు, లూధియానా, రాయపూరు లాంటి వాటితోపాటు మన పశ్చిమగోదావరి. ఫోర్డ్ ఫౌండేషన్ వాళ్ళ సలహా మీద నడిచిన పథకం అది. విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ ఒక మూటగా ఇవ్వాలి కాబట్టి ప్యాకేజీ ప్రోగ్రాం అన్నారు. నేను చేరేనాటికి దేశం పీఎల్-480 కింద ఓడల్లో వచ్చే అమెరికా గోధుమ తింటోంది. 1965, 66 రెండేళ్ళూ వరసగా వానలు ముఖం చాటేశాయి. ఆ రోజుల్లో సైకిలు మీద ఊరూరా తిరిగి, "ఒక్క మడిలో వేసి చూడండి బాబూ" అని రైతుల్ని బతిమాలేవాళ్ళం. "నేల చచ్చిపోతుందయ్యా" అనేవాళ్ళు పెద్దలు. వాళ్ళ భయం వాళ్ళది, దేశం ఆకలి దేశానిది.

1966లో ఫిలిప్పీన్స్‌లోని వరి పరిశోధన సంస్థ ఐఆర్-8 విడుదల చేసింది. పొట్టి పైరు, గట్టి కాడ, ఎంత ఎరువు వేసినా పడుకోదు. మరుసటి ఏడే మన ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు వేసి పండించారు. చుట్టుపక్కల జిల్లాల రైతులంతా తిరనాళ్ళకి వచ్చినట్టు వచ్చారు ఆ చేను చూడ్డానికి. ఆయనకి దేశం బయట కూడా ఐఆర్-8 పేరే ఇంటిపేరైంది. ఆ గింజ బిరుసు, అన్నం బాగోదని ఆడవాళ్ళు సణిగినా, గాదె నిండింది. తర్వాత 1925 నుంచి ఉన్న మన మార్టేరు పరిశోధన కేంద్రమే 1980ల మొదట్లో స్వర్ణ ఇచ్చింది, ఎంటీయూ 7029. తూర్పు రాష్ట్రాలన్నీ దాన్నే వేశాయి. దానికున్న గొప్ప గుణం ఏమిటో తెలుసా? తక్కువ ఎరువుతో కూడా పండుతుంది. ఆ గుణాన్ని మనం వాడుకున్నామా అంటే, లేదు. తక్కువ చాలుతుందన్న విత్తనానికీ ఎక్కువే వేశాం.

యూరియా గాలి వేరు, నీళ్ళ గాలి వేరు. యూరియా బస్తాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. నువ్వు చల్లిన నత్రజనిలో వరికి చేరేది నూటికి ముప్ఫై నలభై పాళ్ళే. కొంత నేలలో ఉండిపోతుంది, కొంత అమ్మోనియాగా ఎగిరిపోతుంది, కొంత మురుగులో పోతుంది. అందులో ఒక పాలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువే, నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. ఒక్క పాలేగా అనుకోకండి. కిలో నైట్రస్ ఆక్సైడ్ నూరేళ్ళ లెక్కలో 273 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. అమ్మలూ, సరిగ్గానే చెప్పానా? సరే.

మేం అప్పట్లో రైతులకి ఏం చెప్పేవాళ్ళమో వినండి. నీరు తీసెయ్యండి, బురద పదునులో యూరియా సమంగా చల్లండి, ఒకటిన్నర రోజు, రెండు రోజులు ఆగి పల్చగా నీరు పెట్టండి. చల్లేముందు వేపపిండి కలిపి ఒక పూట గోనెసంచీలో ఉంచండి. వేప కలిస్తే యూరియాలోని నత్రజని నెమ్మదిగా మారుతుంది, పైరు తాగేదాకా ఆగుతుంది. ఇది రైతు డబ్బు ఆదా కోసం చెప్పిన మాట, గాలి కోసం కాదు. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ ప్రభుత్వమే వేపనూనె పూయించింది. 2018లో 50 కిలోల బస్తాని 45 కిలోలు చేసింది, బస్తాల లెక్కన చల్లే రైతు తనకి తెలియకుండానే కొంత తగ్గిస్తాడని. తగ్గించాడా? పక్కోడి చేను నాచుపచ్చగా కనిపిస్తే మనోడికి నిద్రపడుతుందా? ఇంకో బస్తా పడుతుంది.

ఇప్పుడు దాళ్వా. పెద్ద మలుపు ఇదే, మీరెవరూ దీన్ని మలుపు అనుకోరు, పుట్టినప్పటి నుంచీ చూస్తున్నారు గనక. పూర్వం దాళ్వా కాలువ మొదట్లో ఉన్న కొద్దిచేలకే. పొట్టి వంగడాలు వచ్చి పంటకాలం తగ్గాక, పైనుంచి సీలేరు జలవిద్యుత్తు నీళ్ళు వేసవికి దిగడం మొదలయ్యాక, డెల్టా అంతా దాళ్వా అయింది. నీళ్ళు తక్కువైన ఏడు వంతులవారీ పారకం, పైవాడికీ కిందవాడికీ లాకుల దగ్గర తగువు, అవన్నీ మీకు తెలిసినవే. నేల సంగతి ఆలోచించండి. మినుములు పీకి నెర్రెలిచ్చి ఆరిన నేలకీ, ఇప్పటి నేలకీ ఎంత తేడా! సార్వా కోత డిసెంబర్‌లో. నెల తిరక్కుండా అదే పచ్చి దుబ్బులు దమ్ములో కలిపేసి దాళ్వా ఊడుస్తున్నాం. నెలలోపు నీటిలో కలిసిన గడ్డి వదిలే మీథేన్, నెల దాటి ఆరాక కలిపిన గడ్డి వదిలేదానికన్నా చాలా ఎక్కువ. ఆపైన మార్చి ఎండ. నీళ్ళు వెచ్చబడేకొద్దీ ఆ జీవికి జోరు. పంట రెట్టింపైనప్పుడు గాలి కూడా రెట్టింపైంది, ఇంకా కాస్త ఎక్కువే అయింది.

ఆ గాలి ఎంత అన్నది తెలుసుకోవాలనుందా? మన దేశంలో చేలల్లో పెట్టి కొలిచి కట్టిన లెక్క ప్రకారం, పంట పొడుగునా నీళ్ళు నిలిచే హెక్టారు వరి సుమారు 160 కిలోల మీథేన్ వదులుతుంది. ఎకరానికి 65 కిలోలనుకో. కిలోకి 27 చొప్పున వేస్తే టన్నుముప్పావు బొగ్గుపులుసు వాయువు. డీజిల్లోకి మారిస్తే 650 లీటర్లు కాల్చినట్టు. ఆ ఎకరానికి దమ్ముకీ కోతకీ కలిపి మనం పోసే డీజిలు ఓ పాతిక ముప్ఫై లీటర్లు. మిషన్లు వచ్చి గాలి పాడైందన్నావే పెద్దోడా, చూడు మరి. మిషను చప్పుడు చేస్తుంది, అందుకని దాని మీదికి పోతాం. నీళ్ళు చప్పుడు చెయ్యవు.

ఈ లెక్కల వెనక ఒక కథ ఉంది, అది కూడా చెప్పాలి. 1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒక అంచనా వేసింది. భారతదేశపు వరిచేలు ఏడాదికి 3 కోట్ల 70 లక్షల టన్నులకు పైగా మీథేన్ వదులుతున్నాయని. అంటే వేడెక్కుతున్న ప్రపంచానికి అన్నం తినేవాడు పెద్ద ముద్దాయి. మనవాళ్ళు ఊరుకోలేదు. జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఎ.పి. మిత్రా గారి పెద్దరికంలో 1991లో దేశంలో రకరకాల వరి నేలల్లో చేలల్లోకి దిగి కొలిచారు. తేలింది 40 లక్షల టన్నుల చుట్టూ. వాళ్ళన్నదాంట్లో పదో వంతు! ఎందుకంటే మన దేశంలో వరి అంటే అంతా గోదావరి డెల్టా కాదు. వానపడితే తడిసి, ఆగితే ఆరే చేలే ఎక్కువ. వేరే దేశాల ముంపుచేల లెక్క తెచ్చి మన నెత్తిన పెట్టారు. అదే ఏడు ఢిల్లీలో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఇంకో ప్రశ్న లేవదీశారు: బతకడానికి పండించే వరి గాలినీ, విలాసానికి తిరిగే కారు పొగనీ ఒకే కాటాలో తూస్తారా అని. నాకు ఆ ప్రశ్న ఇప్పటికీ న్యాయంగానే కనిపిస్తుంది. అయితే ఒక సంగతి మర్చిపోకండి. దేశం సగటు తక్కువని తేలింది గానీ, నిలవనీటి డెల్టా మాత్రం ఆ సగటుకి పైనే ఉంటుంది. ఆ లెక్కలో మనం తప్పించుకోలేదు.

ఇప్పుడు డెబ్భై ఏళ్ళ లెక్క ఒకచోట పెడతాను, వేళ్ళు మడవండి. 1950-51లో దేశంలో వరి 3 కోట్ల 8 లక్షల హెక్టార్లు, బియ్యం 2 కోట్ల టన్నుల పైచిలుకు. 2022-23కి వరి 4 కోట్ల 78 లక్షల హెక్టార్లు, బియ్యం 13 కోట్ల 57 లక్షల టన్నులు. నేల ఒకటిన్నర రెట్లు, బియ్యం ఆరున్నర రెట్లు. మీథేన్ నీళ్ళు నిలిచిన నేలని బట్టి పోతుంది గానీ బస్తాలని బట్టి కాదు. కాబట్టి వరి మీథేన్ ఈ మధ్య దశాబ్దాల్లో పెద్దగా పెరగలేదు, తగ్గనూ లేదు. బస్తా ఒక్కంటికి చూస్తే బాగా దిగింది. మా రోజుల్లో పన్నెండు బస్తాల వెనక ఉన్న మీథేన్, ఇప్పుడు దాళ్వాలో నలభై బస్తాల వెనక ఉంది. మా ప్యాకేజీ ప్రోగ్రాం చేసిన మేలు అది, ఎవరూ చెప్పరు గనక నేనే చెప్పుకుంటున్నాను.

మరి రెండో లెక్క, ఎరువుది? 1950-51లో దేశం మొత్తం వాడిన నత్రజని ఎరువు 60 వేల టన్నులకు లోపే. 2020-21కి 2 కోట్ల టన్నులు దాటింది. బియ్యం ఆరున్నర రెట్లయితే నత్రజని మూడొందల రెట్లు పైమాట. ఆ ఎరువంతా వరికే పోలేదనుకోండి, గోధుమ, చెరకు, పత్తి అన్నీ తాగాయి. ఫలితం ఎక్కడ తేలింది? దేశం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన 2016 లెక్కల్లో, వ్యవసాయం గాలిలో వరిచేల వంతు నూటికి పదిహేడున్నర. ఎరువు పడిన నేలల వంతు పంతొమ్మిది. నీళ్ళని బస్తా దాటిపోయింది. ఈ రెంటినీ మించింది పశువుల నెమరు, నూటికి యాభై నాలుగు పైన.

పెద్దోడా, నీకు ఇంకో సంగతి చెప్తే నిద్రపట్టదు. 1986 ఆగస్టు వరద గుర్తుందా? నీకెలా గుర్తుంటుంది, మీ నాన్నని అడుగు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయింది. ఆ ఏడు మన చేలు వదిలిన మీథేన్‌లో ఇవాళ పైన మిగిలింది నూటికి నాలుగు పాళ్ళు కూడా ఉండదు. మీథేన్ పైన నిలిచేది ఓ పన్నెండేళ్ళు, తర్వాత కరిగిపోతుంది. కానీ 1967లో నేను దగ్గరుండి చల్లించిన ఎరువు తాలూకు నైట్రస్ ఆక్సైడ్ సగానికి పైగా ఇంకా ఆకాశంలోనే ఉంది. దాని ఆయుష్షు నూట పదేళ్ళు, అంతకు పైనే. మీథేన్ తగ్గిస్తే మీరే ఫలితం చూస్తారు. యూరియా తగ్గిస్తే మీ మనవలు చూస్తారు. దేన్ని ఎందుకు తగ్గించాలో ఈ తేడా తెలిస్తే గానీ తేలదు.

ఇందాక పశువుల నెమరు అన్నాను కదా, గుర్తొచ్చింది. మా ఇంట్లో రెండు కాడి ఎడ్లు, పాడిగేదెలు. ఊళ్ళో ప్రతి గడపకీ గడ్డివాము. ఎడ్లు కూడా నెమరేసి మీథేన్ వదిలేవి, అది పాత లెక్కలో రాయాలి. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయాయి, ఆ గాలీ పోయింది. కానీ గడ్డి తినేవాడు లేడు. కోత మిషను గడ్డిని చేలోనే చిందరవందరగా పారేస్తుంది. దాళ్వా తొందరలో అగ్గిపుల్ల గీస్తారు. దుబ్బులు కాలిస్తే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కొంచెం కొంచెం, నల్లటి మసి బోలెడు. దేశపు వ్యవసాయం గాలి లెక్కలో దాని వంతు చిన్నదే, నూటికి రెండు పాళ్ళు. కానీ మీ నాయనమ్మ ఆయాసాన్ని ఏ నూటికి ఎన్నో పాళ్ళలో రాస్తారు?

ఇక కొల్లేరు వైపు చూడండి. వరిచేలు తవ్వి చేపల చెరువులు చేశారు. 2006లో కొల్లేరు అభయారణ్యంలో చెరువులు కొట్టేశారు గానీ, చుట్టూ జిరాయితీలో పెరిగినవి పెరిగాయి. వరి లెక్కలో ఆ ఎకరం తగ్గినట్టు కనిపిస్తుంది. మేత కుళ్ళే చెరువు అడుగున అదే మీథేన్ జీవి ఉంటుంది, పైగా ఏరేటర్లకి కరెంటు. ఒక పద్దులో తగ్గి ఇంకో పద్దులో పెరిగితే దాన్ని తగ్గడం అనకూడదు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక, కూలి ఖర్చులు మోయలేక, ముంపు పడలేక దాదాపు లక్ష ఎకరాలు బీడు పెట్టేశారు. పంట విరామం అన్నారు. ఆ ఏడు గాలి లెక్క అక్కడ బాగుండే ఉంటుంది. అలాంటి తగ్గుదల ఎవడిక్కావాలి?

"మరి ఏం చెయ్యమంటావు తాతయ్యా?" అని అడగరే? దారి పాతదే. చేను ఆరగట్టడం. పిలకలు వేసే దశలో నీరు తీసి, నేల సన్నగా నెర్రె విచ్చేదాకా ఆరగట్టి మళ్ళీ తడిపెట్టడం మా నాన్నకీ తెలుసు. వేళ్ళు లోతుకి దిగుతాయి, దుబ్బు గట్టిపడుతుంది. నేలలోకి గాలి దిగిందంటే మీథేన్ జీవి మళ్ళీ పడకేస్తుంది. పంటలో ఒకసారి ఆరగడితే సుమారు మూడో వంతు, పలుమార్లు ఆరగడితే దాదాపు సగం మీథేన్ తగ్గుతుంది. మన దేశపు కొలతల్లో ఇంకా ఎక్కువే తగ్గినట్టుంది. ఇప్పుడు దానికి అడుగు పొడవు చిల్లుల గొట్టం కూడా వచ్చింది. చేలో దింపుతారు, లోపల నీరు అరడుగు కిందికి దిగాక తడి ఇస్తారు, పూత దశలో మాత్రం ఆరనివ్వరు. ఆరగట్టి తడిపినప్పుడు యూరియా నుంచి నైట్రస్ ఆక్సైడ్ కాస్త లేస్తుంది. అందుకే యూరియా తగ్గించి, విడతలుగా, బురద పదునులో వెయ్యాలి. రెండూ కలిపి చేస్తేనే లాభం.

పోయిన సార్వాలో అమ్మలు ఒక పెట్టె తెచ్చింది, మీరు చూళ్ళేదు. అద్దంలా కనిపించే ప్లాస్టిక్ పెట్టె, అడుగు లేదు. నాలుగు దుబ్బుల చుట్టూ మట్టిలో ముందే దించిన చట్రం మీద బోర్లించి, గాలి పోకుండా అంచు గాడిలో నీళ్ళు పోసింది. లోపల చిన్న ఫ్యాను. బోర్లించగానే ఒకసారి, పావుగంటకొకసారి పైనున్న రబ్బరు మూతలోంచి సిరంజితో గాలి లాగి సీసాల్లో పెట్టుకుంది. పావుగంటకీ పావుగంటకీ మధ్య మీథేన్ ఎంత పెరిగిందో ప్రయోగశాలలో చూస్తే చేను ఊపిరి తెలుస్తుంది. గట్టు మీద గొడుగు పట్టుకుని నేను కూర్చున్నాను. పక్క చేను రైతు వచ్చి, "ఏం పరీక్షండీ బాబాయిగారూ ఇది, ఈ చేనుకి బీపీ ఉందేంటండీ?" అన్నాడు. చెప్పాం. అప్పుడు అతను అన్న మాట ఏ పుస్తకంలోనూ ఉండదు. "ఆరగట్టమంటే ఆరగడతానండీ. మీ చేలో నీరు నా చేలోంచి పోవాలి, నా చేలో నీరు కిందోడి చేలోంచి పోవాలి. మురుగుబోదె పూడిపోయి పదేళ్ళయింది. ఎటు తియ్యమంటారు నీరు?"

అదీ సంగతి. బోరు కింద వరి వేసేవాడు మోటారు కట్టేస్తే చేను ఆరుతుంది. డెల్టాలో చేనుకి చేను పారకం. పైవాడు తెరిచినప్పుడు కిందవాడికి వస్తుంది, వద్దన్నా వస్తుంది. నల్లరేగడి నేల, సముద్రమట్టానికి నాలుగడుగుల ఎత్తు. యనమదుర్రు నిండితే వెనక్కి తంతుంది. కాటన్ దొర కాలువ తవ్వినంత శ్రద్ధగా ఎవరూ మురుగు తవ్వలేదు. 1960ల్లో ఎ.సి. మిత్రా కమిటీ ఈ ముంపు మీదే కూర్చుంది. 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టం తెచ్చి రైతు దగ్గర ఎకరానికింత వసూలు చేశారు. ఒక మిత్రా గారు మురుగు చూశారు, ఇంకో మిత్రా గారు మీథేన్ కొలిచారు. ఇద్దరి కాగితాలూ వేరు వేరు బీరువాల్లో ఉన్నాయి గానీ, చేలో అవి ఒకటే సమస్య. గుర్రపుడెక్క పట్టిన మురుగుబోదె ఒక్కటి బాగుచేస్తే నవంబర్ తుఫానుకి పంట మునగదు, సార్వా ఆరగట్టొచ్చు, మినుము మళ్ళీ చల్లొచ్చు, గాలీ తగ్గుతుంది.

2025 మే నెలలో హైదరాబాదు వరి పరిశోధన సంస్థ వాళ్ళు సాంబమసూరిలో జన్యువు సవరించి 'కమల' అనే రకం ప్రకటించారు. ఓ ఇరవై రోజుల ముందే కోతకొస్తుందట. నీళ్ళు నిలిచే రోజులు తగ్గితే గాలి తగ్గుతుంది, మంచిదే. మన నేలలో నిలిచి చూపించాక మాట్లాడతాను. 2016 నుంచి రాష్ట్రం ప్రకృతి వ్యవసాయం అంటోంది. అందులో యూరియా లేదు, ఎరువు లెక్క కిందికి వస్తుంది, సంతోషం. కానీ పచ్చిరొట్ట నీళ్ళలో కుళ్ళబెడితే మీథేన్ లెక్క పైకి పోతుందని ఇందాకే చెప్పాను. అందులోనూ నీరు తియ్యడం నేర్చుకోవాలి.

ఇక ఆఖరిమాట, అల్లుడూ, ఇది నీకే. నిన్న నీ చేతిలో ఏదో ఒప్పందం కాగితం చూశాను. చేను ఆరగడితే కార్బన్ క్రెడిట్ డబ్బు ఇస్తామని ఎవరో వచ్చారటగా. సంతకం పెట్టద్దనను. పెట్టేముందు మూడు అడుగు. ఎకరానికి ఎంత, ఎప్పుడు, ఎవరి ఖాతాలో. పక్కోడి నీళ్ళు పారి నా చేను ఆరకపోతే నింద ఎవరిది. మురుగుబోదె తవ్వడానికి మీ డబ్బులో ఎంత పెడతారు. మూడోదానికి జవాబు చెప్పనివాడికి మన గాలి తగ్గడం మీద ఆసక్తి లేదు, మన పేరుతో కాగితం అమ్ముకోవడం మీదే ఉంది. 1997 చట్టంతో మనకీ ఒక నీటి సంఘం ఉంది, ఓట్లప్పుడు తప్ప గుర్తురాదు. కనుమ వెళ్ళగానే దాన్ని కూర్చోబెట్టండి. ఈ బోదె మీద ఆధారపడ్డ రైతులంతా ఒకేసారి నీరు కట్టి ఒకేసారి తీసేలా తారీకులు వేసుకోండి, దుబ్బు దున్నడానికీ దమ్ముకీ మధ్య నెల ఎడం పెట్టుకోండి, ఎకరానికి ఒక బస్తా యూరియా తగ్గించి చూడండి. ఇవన్నీ ఒక్కడు చేస్తే పిచ్చోడంటారు, వందమంది చేస్తే పద్ధతంటారు. మా రోజుల్లో ఐఆర్-8 కూడా అలాగే పద్ధతైంది.